మినీ మెట్రో ఆడేవారికి: రైలు నిండటం సులువు, ఖాళీ కావడమే కష్టం

తెల్ల కాగితంలాంటి తెర. దాని మధ్య వంకర తిరిగిన లేత నీలం గీత థేమ్స్ నది. అక్కడక్కడా ఒక గుండ్రం, ఒక ముక్కోణం, ఒక చదరం. మినీ మెట్రో అనే వీడియో గేమ్‌లో లండన్ నగరం ఆట ఇంతతోనే మొదలవుతుంది. గుండ్రం నుంచి ముక్కోణానికి వేలితో గీత గీస్తే అది రైలు మార్గం అవుతుంది, దాని మీద చిన్న రైలు బయలుదేరుతుంది. ఇందులో నేర్చుకోవడానికి ఏముంది అనిపిస్తుంది. పావుగంట గడిచేసరికి అదే తెర మీద ఇరవైకి పైగా స్టేషన్లు, వాటి పక్కన బారులు తీరిన ప్రయాణికులు, ఏదో మారుమూల స్టేషను చుట్టూ మెల్లగా నిండుతున్న వలయం కనిపిస్తాయి. ఆ వలయం పూర్తయితే ఆట ముగిసినట్టే.

గీత ఎలా గీయాలో, రైలు ఎక్కడ పెట్టాలో ఆట మొదటి నిమిషంలోనే నేర్పుతుంది. ఎందుకు ఓడిపోయామో మాత్రం చెప్పదు. ఓడిన ప్రతిసారీ రైళ్లు చాలలేదనుకుని మళ్లీ మొదలుపెడతాం, మళ్లీ అక్కడే ఓడిపోతాం. ఈ ఆటను కొన్నేళ్లుగా ఆడుతున్నాను. నాకు అర్థమైనది ఇది: రైళ్లు నిజంగా చాలకపోవడం ఆట చివరి వారాల్లో (ఆటలోని గడియారం లెక్కలో గడిచే వారాలు) వచ్చే కష్టం. అంతకు ముందే నగరం కూలిపోతే లోపం గీతల్లోనే ఉంటుంది. రైలు నిండటానికి మన సాయం అక్కర్లేదు, అదే నిండుతుంది. అది తరచుగా ఖాళీ అయ్యేలా దారి వేయడమే మన పని. ఈ మార్గదర్శిలో చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఆట పుట్టుక గురించి నాలుగు మాటలు

న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ కర్రీ, రాబర్ట్ కర్రీ అనే అన్నదమ్ములు 2013 ఏప్రిల్‌లో లూడమ్ డేర్ అనే ఆటల తయారీ పోటీలో పాల్గొన్నారు. అది వారాంతంలో ముగిసే పోటీ. ఆ విడత ఇచ్చిన అంశం మినిమలిజం, అంటే అవసరానికి మించి ఏదీ ఉండకూడదు. అప్పుడు వాళ్లు చేసిన చిన్న నమూనా పేరు మైండ్ ద గ్యాప్. లండన్ స్టేషన్లలో ప్లాట్‌ఫారానికీ రైలుకూ మధ్య సందు చూసుకోమని వినిపించే హెచ్చరిక అది. ఆ నమూనాయే డైనోసార్ పోలో క్లబ్ అనే వాళ్ల సంస్థ చేతిలో మినీ మెట్రోగా పెరిగి, 2015 నవంబరులో కంప్యూటర్లకు, 2016 అక్టోబరులో ఫోన్లకు వచ్చింది.

తెర మీది రూపానికి ఇంకా పాత మూలం ఉంది. లండన్ భూగర్భ రైల్వేలో చిత్తుపటాలు గీసే హ్యారీ బెక్ 1931లో ఒక పటం తయారు చేశాడు. నేల మీద స్టేషన్లు అసలు ఎంత దూరంలో ఉన్నాయో పక్కన పెట్టి, మార్గాలన్నిటినీ అడ్డంగా, నిలువుగా, 45 డిగ్రీల వాలుగా మాత్రమే గీశాడు. 1933లో అచ్చయిన ఆ పటమే ఇవాళ ప్రపంచంలోని చాలా మెట్రో పటాలకు తల్లి. మినీ మెట్రోలో మనం వేలితో ఎంత వంకరగా లాగినా గీత ఆ కోణాల్లోకే సర్దుకోవడానికి కారణం ఇదే. భూగోళం పక్కన పెట్టి, ఏది దేనికి కలుస్తుందన్నది ఒక్కటే చూడమని బెక్ పటం చెబుతుంది. ఆట కూడా మన నుంచి కోరేది అదే.

ముందుగా తెలియవలసిన లెక్కలు

ప్రయాణికులు కూడా చిన్న చిన్న ఆకారాలే. గుండ్రం స్టేషను పక్కన చిన్న ముక్కోణం నిలబడితే, ఆ మనిషికి ముక్కోణం స్టేషను కావాలని అర్థం. ఫలానా ముక్కోణమే కావాలని పట్టుబట్టడు, నగరంలో ఉన్న ముక్కోణాల్లో ఏదైనా సరే. ఈ ఒక్క వెసులుబాటు మీదే ఆట మొత్తం నిలబడింది. ప్రతి మనిషినీ ఊరి చివరి దాకా మోయనక్కర్లేదు, అతనికి కావలసిన ఆకారాన్ని దగ్గర్లో చూపిస్తే చాలు.

రైలులో ఆరుగురికి చోటుంటుంది. బోగీ తగిలిస్తే ఇంకో ఆరుగురు. స్టేషనులో మామూలుగా ఆరుగురు ఆగవచ్చు. అంతకు మించి పోగైతే దాని చుట్టూ వలయం మొదలవుతుంది. జనం తగ్గితే వలయం వెనక్కు తిరుగుతుంది, కానీ ఒక్కసారిగా మాయం కాదు. వారం ముగిసినప్పుడల్లా కొత్త ఇంజను, అంటే ఇంకో రైలు, ఒకటి వస్తుంది, దానితో పాటు రెండు కానుకలు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది: కొత్త లైను, బోగీ, నది దాటించే సొరంగం, ఒక స్టేషనును ఎక్కువమంది పట్టేలా మార్చే ఇంటర్‌చేంజ్ వీటిలో ఏవైనా రెండు. మన మార్కులు మనం గమ్యం చేర్చిన ప్రయాణికుల సంఖ్య. అంతకు మించి గుర్తుపెట్టుకోవలసిన నియమాలు లేవు.

మొదటి అడుగు: గడియారం ఆపడం అలవాటు చేసుకోండి

పైన మూలన గడియారం ఉంటుంది. దాన్ని ఆపవచ్చు, పరుగెత్తించవచ్చు. ఆపి ఉంచినప్పుడు కూడా గీతలు మార్చవచ్చు, రైళ్లు పెట్టవచ్చు. చాలామంది కొత్తవాళ్లు ఈ వీలును వాడుకోరు, ఆపితే ఆట సరిగ్గా ఆడనట్టే అనుకుంటారు. దయచేసి అలా అనుకోవద్దు. కొత్త స్టేషను పుట్టినప్పుడల్లా గడియారం ఆపండి. ఆ స్టేషను ఏ ఆకారమో, దానికి రెండు పక్కలా ఏ ఆకారాలు వస్తాయో చూసి అప్పుడే కలపండి. తొందరలో దగ్గరున్న గీతను దాని దాకా లాగేసి తర్వాత సరిచేద్దాం అనుకున్న స్టేషనే మూడో వారంలో మనల్ని ముంచుతుంది.

చేతి పనులు నాలుగే. గీత చివర ఉన్న చిన్న పిడిని పట్టి లాగితే మార్గం పెరుగుతుంది. గీత మధ్యలో పట్టి పక్కకు లాగితే దారిలో కొత్త స్టేషను చేరుతుంది. చివరను మొదటి స్టేషను మీదకు తెస్తే మార్గం చుట్టుగా మూసుకుంటుంది. ఇంజన్లను, బోగీలను తెర అడుగు నుంచి పట్టి కావలసిన లైను మీద వదలాలి, తర్వాత అక్కడి నుంచి తీసి వేరే లైనుకు మార్చుకోవచ్చు. సాధారణ ఆటలో గీతను చెరిపినందుకు జరిమానా ఏమీ లేదు. సొరంగం ఖర్చయిన గీతను చెరిపితే ఆ సొరంగం కూడా తిరిగి చేతికి వస్తుంది.

రెండో అడుగు: స్టేషన్ల వరుస

ఈ మార్గదర్శిలో మీరు ఒక్క భాగమే చదువుతారంటే ఇదే చదవండి.

లండన్‌లోనైనా ఇంకెక్కడైనా ఎక్కువగా పుట్టేవి గుండ్రాలే. ముక్కోణాలు అంతకంటే తక్కువ. చదరాలు ఇంకా తక్కువ. గుండ్రాలు పక్కపక్కనే పుడుతుంటే వాటినన్నిటినీ ఒకే గీతతో కుట్టేయాలని చెయ్యి లాగుతుంది. చూడటానికి బాగుంటుంది కూడా. ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం.

ఒక లైను మీద వరుసగా నాలుగు గుండ్రాలు, చివర ఒక ముక్కోణం ఉన్నాయనుకోండి. ప్రతి గుండ్రం దగ్గరా ముక్కోణం కోసం ఇద్దరేసి నిలబడి ఉన్నారు. ఖాళీ రైలు మొదటి గుండ్రం నుంచి బయలుదేరింది. అక్కడ ఇద్దరు ఎక్కారు. రెండో దగ్గర ఇంకో ఇద్దరు, నలుగురయ్యారు. మూడో దగ్గర ఆరుగురయ్యారు, రైలు నిండిపోయింది. నాలుగో గుండ్రం దగ్గర రైలు ఆగింది, కానీ దిగేవారు లేరు. గుండ్రం స్టేషనులో దిగడానికి ఆ రైలులో గుండ్రం మనిషి ఒక్కడూ లేడు మరి. దిగేవారు లేకపోతే ఎక్కేవారికి చోటు లేదు. అక్కడి ఇద్దరూ రైలును చూస్తూ నిలబడిపోయారు. రైలు మళ్లీ వచ్చేలోగా ఆ ఇద్దరు నలుగురవుతారు, ఆరుగురవుతారు. తప్పేమీ చేయని ఆ నాలుగో గుండ్రం చుట్టూ వలయం మొదలవుతుంది. మనం అక్కడ రైళ్లు చాలలేదనుకుని ఇంకో ఇంజను పెడతాం. అదీ మూడో గుండ్రానికే నిండి వస్తుంది.

ఇప్పుడు అదే ఐదు స్టేషన్లు, అదే ఒక్క రైలు. ముక్కోణాన్ని చివరి నుంచి నడిమికి తెద్దాం: రెండు గుండ్రాలు, ముక్కోణం, మళ్లీ రెండు గుండ్రాలు. మొదటి రెండు గుండ్రాల దగ్గర నలుగురు ఎక్కుతారు, ముక్కోణం రాగానే నలుగురూ దిగిపోతారు. అవతలి కొన దాకా వెళ్లి వెనక్కు తిరిగేటప్పుడు అక్కడి రెండు గుండ్రాల నుంచి నలుగురు ఎక్కినా, మళ్లీ ముక్కోణంలో దిగుతారు. ముక్కోణం కోసం ఎక్కినవారు ఎప్పుడూ నలుగురిని దాటరు. ఆరు సీట్లలో రెండు ఎప్పుడూ మిగిలే ఉంటాయి. కొత్త ఇంజను పెట్టలేదు, బోగీ తగిలించలేదు. వరుస మార్చాం, అంతే.

అందుకే నేను పాటించే నియమం ఇది: ఏ లైను మీదా రెండు గుండ్రాలకు మించి పక్కపక్కన ఉండకూడదు. మూడోది తప్పనిసరి అయితే దాన్ని వేరే లైనుకు ఇవ్వాలి, లేదా దారి కాస్త వంకర పోయినా మధ్యలో ఒక ముక్కోణాన్నో చదరాన్నో కలుపుకుని రావాలి. గీత పొడవు పెరుగుతుందని వెనకాడవద్దు. నాలుగు అంగుళాల తిన్నని గీత మీద నిండి తిరిగే రైలు కంటే, ఆరు అంగుళాల వంకర గీత మీద ఖాళీ అవుతూ తిరిగే రైలు ఎక్కువమందిని చేరుస్తుంది.

మూడో అడుగు: చదరాన్ని పంచుకోవడం

లండన్ ఆట మొదట్లో చదరం ఒక్కటే ఉంటుంది, రెండోది ఎప్పుడు పుడుతుందో తెలియదు. చదరానికి వెళ్లాలనుకునేవారు మాత్రం ఊరంతా పుడుతూనే ఉంటారు. ఏ లైనుకైతే చదరం అందదో ఆ లైను మీద చదరం మనుషులు మెల్లగా పోగుపడతారు. కాబట్టి మొదటి రెండు వారాల్లో మీ మూడు లైన్లూ ఆ చదరాన్ని తాకాలి. ప్రతి లైను మీదా గుండ్రం, ముక్కోణం, చదరం మూడూ ఉంటే ఆ లైను మనుషులు ఆ లైనులోనే గమ్యం చేరతారు, రైలు మారే పనే ఉండదు.

రైలు మారడం ఎంత భారమో మనకు తెలిసిందే. హైదరాబాదులో మియాపూర్ నుంచి రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేటలో దిగి ఎరుపు లైను నుంచి నీలం లైనుకు మారాలి. అమీర్‌పేటలోనే పని ఉన్నవారికి తోడు, ఊరికే రైలు మారేవారు కూడా ఆ స్టేషనులోనే నిలబడాలి. ఆటలోనూ అంతే. మారే ప్రతి మనిషీ రెండు స్టేషన్లలో చోటు తింటాడు, రెండు రైళ్లలో సీటు తింటాడు. మార్పులు లేకుండా నగరం నడవదు, కానీ ఒక మనిషి ఒకసారికి మించి మారవలసి వస్తే ఆ పటంలో లోపం ఉన్నట్టే.

చదరం దగ్గర మూడు లైన్లు కలిస్తే అక్కడే రద్దీ పెరుగుతుంది కదా అని అడగవచ్చు. పెరుగుతుంది. కానీ ఆ రద్దీ మనం ఎంచుకున్న చోట, మూడు లైన్ల రైళ్లు వచ్చిపోయే చోట పెరుగుతుంది. మొదటి ఇంటర్‌చేంజ్ కానుక దొరకగానే దాన్ని ఆ చదరం మీద పెట్టండి. ఇంటర్‌చేంజ్‌గా మారిన స్టేషను మామూలు స్టేషను కంటే ఎంతో ఎక్కువమందిని ఓర్చుకుంటుంది. రెండో చదరం దూరంగా పుడితే అప్పుడు లైన్లను రెండు జట్లుగా విడదీసి, సగం పాత చదరానికి, సగం కొత్తదానికి అప్పగించండి. ఈ విడదీయడం చాలామంది చేయరు. పాత చదరానికే అన్నీ కట్టి ఉంచి, కొత్త చదరాన్ని ఒక లైను చివర వేలాడదీస్తారు. అలా చేస్తే కొత్త చదరం మేలు ఊరికి అందదు.

నది, సొరంగాలు

థేమ్స్‌ను దాటిన ప్రతిసారీ ఒక సొరంగం ఖర్చవుతుంది. ఒకే లైను నదిని అటు దాటి మళ్లీ ఇటు వస్తే రెండు. ఇక్కడ పొదుపు అవసరం. నది రెండు ఒడ్డులనూ రెండు ఊళ్లుగా చూడండి. ఏ ఒడ్డు మనుషులకు ఆ ఒడ్డునే మూడు ఆకారాలూ దొరికితే నది దాటే లైను ఒకటి చాలు. ఒక ఒడ్డున చదరం లేకపోతే అటు నుంచి వచ్చే లైన్లన్నీ నది దాటక తప్పదు, సొరంగం కానుకను అప్పుడు కాదనవద్దు. చేతిలో ఒక సొరంగం ఎప్పుడూ మిగిలి ఉండాలి. అది లేనప్పుడే నది అవతల స్టేషను పుడుతుంది, దానికి దారి వేయడానికి ఉన్న లైనును కోసి తెచ్చుకోవలసి వస్తుంది.

చుట్టు మార్గమా, తిన్నని మార్గమా

ఆడేవారి మధ్య తెగని వాదం ఇది. నేను చుట్టు మార్గం వైపు. తిన్నని మార్గంలో కొన స్టేషనుకు రైలు ఒక రాకపోకకు ఒక్కసారే వస్తుంది, నడిమి స్టేషనుకు రెండుసార్లు వస్తుంది. అందుకే తిన్నని లైన్లలో మునిగేవి ఎక్కువగా కొనలే. చుట్టు మార్గంలో కొనలే ఉండవు, అందరికీ సమానంగా రైలు వస్తుంది. ఐదారు స్టేషన్లతో, మూడు ఆకారాలూ కలిసిన చిన్న చుట్టు ఈ ఆటలో అన్నిటికంటే నమ్మకమైన నిర్మాణం.

దాని లోపమూ చెప్పాలి. చుట్టు పెరిగేకొద్దీ, పక్క స్టేషనుకే వెళ్లాలనుకున్న మనిషి కూడా ఊరంతా తిరిగి చేరవలసి రావచ్చు. ఎనిమిది తొమ్మిది స్టేషన్లు దాటిన చుట్టును రెండు చిన్న చుట్లుగా విడగొట్టి, చదరం దగ్గర కలపడం మేలు. చుట్టు మీద రెండో రైలు పెట్టేటప్పుడు మొదటిది ఎక్కడుందో చూసి, దానికి సరిగ్గా ఎదురుగా, అవతలి సగంలో వదలండి. రెండు రైళ్లూ ఒకదాని వెనక ఒకటి వెళితే ముందుది నిండిపోతుంది, వెనకది ఖాళీగా తిరుగుతుంది. అది చూసినప్పుడల్లా గడియారం ఆపి ఒక రైలును తీసి దూరంగా పెట్టండి.

వారం కానుక: ఏది ఎంచుకోవాలి

లైనుకు, బోగీకి మధ్య ఎంచుకోమన్నప్పుడు మొదటి మూడు నాలుగు వారాలు నేను లైనునే తీసుకుంటాను. ఊరు అప్పుడే వ్యాపిస్తూ ఉంటుంది, ఉన్న లైన్లను సాగదీస్తే అవి పొడవై వాటి మీద రైలు ఆలస్యంగా తిరుగుతుంది. కొత్త లైను వస్తే పాతవాటి నుంచి రెండేసి స్టేషన్లు తీసి దానికి ఇవ్వవచ్చు. ఆ వారం ఎలాగూ ఒక ఇంజను వస్తుంది కాబట్టి దాన్ని కొత్త లైనుకే కేటాయిస్తే సరిపోతుంది.

ఐదు లైన్లు చేతికొచ్చాక బోగీ విలువ పెరుగుతుంది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఇంజను పెడితే రైళ్ల మధ్య ఎడం తగ్గుతుంది, స్టేషనులో నిలబడేవారు తక్కువసేపు నిలబడతారు. బోగీ తగిలిస్తే వచ్చిన రైలు ఎక్కువమందిని తీసుకుపోతుంది, కానీ రైలు వచ్చే వేళలు మారవు. స్టేషనులో జనం ఉండగానే రైలు నిండిపోయి వెళ్లిపోతుంటే బోగీ కావాలి. రైలులో సీట్లు ఉండి కూడా అది రావడానికే ఆలస్యమవుతుంటే ఇంజను కావాలి. కానుక ఎంచుకునే ముందు మీ లైన్లలో ఏది జరుగుతోందో ఒక్క నిమిషం చూడండి.

ఇంటర్‌చేంజ్ కానుకల్లో మొదటిది చదరానికి, రెండోది (కింద చెప్పే) ప్రత్యేక ఆకారాలకు దారి కలిసే స్టేషనుకు ఇవ్వండి. మూడోదాని నుంచి ఎక్కడ పెట్టాలో మీ ఊరి అవసరమే చెబుతుంది.

ప్రత్యేక ఆకారాలు వచ్చినప్పుడు

కొన్ని వారాల తర్వాత నక్షత్రం, ఐదు కోణాల ఆకారం, కూడిక గుర్తు, వజ్రంలాంటి స్టేషన్లు పుడతాయి. ఇవి ఊరికి ఒక్కొక్కటే. నక్షత్రం పుట్టిన తర్వాత ఊరి నలుమూలలా నక్షత్రం మనుషులు కనిపించడం మొదలవుతుంది. వీళ్లకు ఎక్కడికైనా సరే అనే వెసులుబాటు లేదు, ఒకే ఒక్క చోటుకు చేరాలి.

వీటి కోసం నా పద్ధతి: ప్రత్యేక స్టేషన్లను, వీలైనన్నిటిని, ఒకే లైను మీద దండలా గుచ్చి, ఆ లైనును చదరం గుండా తీసుకెళ్తాను. ఇప్పుడు ఊరిలో ఎవరికి ఏ వింత ఆకారం కావలసినా, తమ లైనులో చదరం దాకా వచ్చి, అక్కడ ఈ లైనుకు మారితే చాలు. ఒక్క మార్పు. ఈ లైనుకు మిగతావాటి కంటే ముందు రెండో రైలు, మొదటి బోగీ ఇవ్వాలి. ప్రత్యేకాలు ఊరి ఒక్కో మూలన పుట్టి దండ కుదరకపోతే, ఏ మూలది ఆ మూల లైనుకే ఇచ్చి, ఆ లైన్లన్నీ చదరం దగ్గర కలిసేలా మాత్రం చూడండి.

వలయం మొదలైనప్పుడు

ఇది దగ్గరగా చూపించాలి. ఒక రాత్రి లండన్‌లో ఏడో వారం ఆడుతున్నాను. నదికి దక్షిణాన, పసుపు లైను కొన మీది గుండ్రం దగ్గర ఎనిమిదిమంది చేరారు, వలయం మొదలైంది. దాచుకున్న ఇంజనును వెంటనే పసుపు లైను మీద వదిలాను. అది వెళ్లి ఆగింది, ఇద్దరిని ఎక్కించుకుని కదిలింది, అంతలోనే ఇంకో ఇద్దరు చేరారు, వలయం ఆగలేదు. అప్పుడు గడియారం ఆపి ఆ ఎనిమిదిమందినీ ఒక్కొక్కరినీ చూశాను. ఆరు చదరాలు, రెండు ముక్కోణాలు. పసుపు లైనులో ముక్కోణం రెండో స్టేషనే. చదరం మాత్రం అవతలి కొనన, తొమ్మిదో స్టేషను. ఇద్దరు ముక్కోణం మనుషులకు అప్పటికే దారి ఉంది. తతిమ్మా ఆరుగురినీ ఆపుతున్నది రైళ్ల కొరత అనుకున్నాను, నిజానికి చదరం దూరం. పక్కనే పోతున్న నీలం లైనులో రెండో స్టేషనే చదరం. నీలం గీతను మధ్యలో పట్టి ఆ గుండ్రం దాకా లాగాను. తర్వాత వచ్చిన నీలం రైలు నలుగురిని తీసుకుపోయింది, దాని వెనకది మిగతావారిని. వలయం వెనక్కు తిరిగింది.

కాబట్టి వలయం కనిపించగానే మొదటి పని రైలు వేయడం కాదు, గడియారం ఆపి ఎవరు నిలబడ్డారో చదవడం. ఎక్కువమంది ఒకే ఆకారమైతే ఆ ఆకారం ఈ స్టేషనుకు దూరంగా ఉందని అర్థం, దాన్ని దగ్గర చేసే గీత వెతకండి. రకరకాల ఆకారాలు కలిసి నిలబడితే అప్పుడు నిజంగానే రైలు చాలడం లేదు, దాచుకున్న ఇంజనును వదలండి. రెండూ కుదరకపోతే ఆ లైను అవతలి కొనను తాత్కాలికంగా కత్తిరించండి, రైలు తొందరగా వెనక్కు తిరిగి వస్తుంది. కత్తిరించిన స్టేషన్లు కొద్దిసేపు ఓర్చుకుంటాయి. గండం గడిచాక మళ్లీ కలపడం మరవవద్దు.

చివరి వారాల దాకా ఒక ఇంజను చేతిలో మిగుల్చుకోవడం ఎంత మేలు చేస్తుందో చెప్పలేను. మంటలార్పే బండిలా అది ఊరంతా తిరగాలి. ఒక లైనులో గండం గడవగానే దాన్ని తీసి మళ్లీ చేతిలో పెట్టుకోండి.

వారానికోసారి పటం మళ్లీ చూడండి

ఆట మొదట్లో వేసిన గీతల మీద మనకు మమకారం పెరుగుతుంది. కానీ మూడు స్టేషన్ల ఊరికి వేసిన గీత ఇరవై స్టేషన్ల ఊరికి పనికిరాదు. వారం కానుక అందుకున్న వెంటనే గడియారం ఆపి, ప్రతి లైనునూ ఒక కొన నుంచి ఇంకో కొన దాకా వేలితో చదవండి: గుండ్రం, గుండ్రం, ముక్కోణం, గుండ్రం, చదరం. ఎక్కడైనా మూడు గుండ్రాలు వరుసగా తగిలితే అక్కడే వచ్చే వారం గండం. అవసరమైతే మొత్తం లైనును చెరిపి కొత్తగా గీయండి. నేను మంచి మార్కులు తెచ్చుకున్న ఆటల్లో కనీసం రెండుసార్లయినా పటం మొత్తం తిరగరాశాను.

లండన్ తర్వాత

ఒక నగరంలో తగినంతమందిని చేరిస్తే తర్వాతి నగరాలు తెరుచుకుంటాయి. వాటిలో మన ముంబై కూడా ఉంది. ఒసాకాలో జపాన్ షింకన్సెన్ వేగపు రైలు చేతికొస్తుంది. దాన్ని దగ్గర దగ్గర స్టేషన్ల లైనులో పెడితే ఆగడానికే దాని సమయమంతా పోతుంది. స్టేషన్ల మధ్య దూరం ఎక్కువున్న లైనులో పెడితేనే దాని వేగం ఫలిస్తుంది.

వలయం భయం లేకుండా గీతలతో ప్రయోగాలు చేయాలనుకునేవారికి అంతులేని ఆట అనే పద్ధతి ఉంది, అందులో ఓటమి ఉండదు. స్టేషన్ల వరుస సూత్రాన్ని అందులో సాధన చేయడం మంచిది. ఒకే ఊరిలో ముందు గుండ్రాలన్నీ ఒకే గీత మీద కట్టి కొంతసేపు చూడండి, తర్వాత వాటిని విడదీసి చూడండి, తేడా కళ్లకు కడుతుంది. దీనికి పూర్తి విరుద్ధం అత్యంత కఠినమైన పద్ధతి. అందులో ఒకసారి వేసిన గీతను మార్చలేం. అక్కడికి వెళ్లే ముందు సాధారణ ఆటలో కొన్నాళ్లు గీతలు చెరపకుండా ఆడి చూడండి.

ఒక చివరి సూచన, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. ఆటలోని ధ్వనులను డిజాస్టర్‌పీస్ పేరుతో సంగీతం చేసే రిచ్ వ్రీలాండ్ కూర్చాడు, 2016లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో ధ్వనికి పురస్కారం కూడా వచ్చింది. ఇక్కడ ముందే కట్టిన పాట లేదు. స్టేషన్లు పుట్టడం, రైళ్లు ఆగడం, మనుషులు ఎక్కి దిగడం, ఇవే స్వరాలవుతాయి. కొన్నాళ్లు ఆడాక చెవికే తెలుస్తుంది: ఊరు బాగా నడుస్తున్నప్పుడు చప్పుళ్లు ఎడతెగకుండా, చిన్న చిన్నగా పడుతుంటాయి. ఒక వైపు అవి పలచబడితే తెర మీద ఆ వైపు చూడండి, అక్కడ నిండిన రైలొకటి ఎవరినీ దించకుండా గుండ్రం నుంచి గుండ్రానికి పోతూ ఉంటుంది.